లాంచీలోకి వినబడిన డోలు

పోచవరం రేవులో లాంచీ ఎక్కినవాళ్లకు ముందుగా చెప్పాల్సిన మాటలు కొన్ని ఉంటాయి. శ్రావణి వాటిని మైకులో చెబుతోంది. లైఫ్ జాకెట్ తాళ్లు బిగించి ముడి వేసుకోవాలి, ఉక్కపోసినా విప్పకూడదు. పై అంతస్తులో అందరూ ఒకే పక్కకు చేరి ఫొటోలు దిగకూడదు. టిఫిన్‌కు ఉప్మా, మధ్యలో చాయ్, ఇసుక తిన్నె మీద భోజనం, బొంగు చికెన్ కావాలంటే ముందే చెప్పాలి. బాత్రూము వెనకాల ఉంది, తలుపు సరిగా పడదు కాబట్టి బయట ఒకరిని నిలబెట్టుకోవాలి. కొండలు దగ్గరపడ్డాక ఫోన్లు పనిచేయవు, ఇంటికి చెప్పుకునేది ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పుకోవాలి.

ఆ చివరి మాటకు జనం నవ్వారు. కింది అంతస్తులో, ఇంజను పక్కన బల్ల మీద కూర్చున్న జంపయ్య నవ్వలేదు. మైకు పట్టుకున్న పిల్ల అతని కూతురు.

కార్తీకం నుంచి తండ్రీ కూతుళ్ల మధ్య మాటలు లేవు. అతను లాంచీలో అడుగుపెట్టగానే ఆమె చూసింది. చేతిలో ఉన్న జాకెట్ల కట్ట కింద పెట్టి ఒక అడుగు ముందుకు వేసింది. అతను మొహం తిప్పుకుని పోయి కూర్చున్నాడు. ఆమె కట్ట మళ్లీ ఎత్తుకుని, అందరికీ ఇచ్చినట్టే అతనికీ ఒక జాకెట్ ఇచ్చి పోయింది. నీళ్లలోనే పుట్టి పెరిగిన మనిషి ఆ నారింజ రంగు గుడ్డను ఒళ్లో పెట్టుకుని, ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టు కూర్చున్నాడు.

పక్కన కూర్చున్నాయన పేరు వెంకటరామారావు. సారపాకలో కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. భార్య నాగలతను తీసుకుని వచ్చాడు. లాంచీ రేవు వదలకముందే తన మోకాళ్ల నొప్పులు, మిల్లు వాసన, అల్లుడి పిసినారితనం అన్నీ చెప్పేశాడు. ఇక చెప్పడానికేమీ మిగలక అడగడం మొదలుపెట్టాడు.

"మీది ఏ ఊరండీ?"

"మారేడుగూడెం."

"అది ఎక్కడొస్తుంది?"

"మీరు లాంచీల నుంచి చెయ్యి ఊపుతరే, గా ఊర్లల్ల ఒకటి," అన్నాడు జంపయ్య.

నాగలత మొగుడి మోచేయి గిల్లింది. ఆయన గోదావరి వైపు తిరిగాడు.

జంపయ్య భార్య ముత్తక్క కార్తీకంలో పోయింది. అడవి జ్వరం. ఇవాళ తగ్గుతుంది, రేపు తగ్గుతుంది అని కషాయాలు తాగింది. లేవలేని స్థితి వచ్చాక ఆసుపత్రికి మంచంతో మోసుకుపోదామని నలుగురినీ పిలిచేసరికి మంచంతో మోసే పని వేరే అయింది. తెల్లవారుజామున ప్రాణం పోయింది. ఒక్కతే కూతురు. ఇంటర్ చదివి, తెలుగు చక్కగా మాట్లాడుతుందని లాంచీ మీద గైడు పనికి తీసుకున్నారు. భద్రాచలంలో కిరాయి గదిలో ఉంటుంది. మారేడుగూడెంలో ఫోను మోగదు. జంపయ్య తమ్ముడు బండి వేసుకుని రేవుకు పోయాడు గానీ, ఆయన చేరేసరికి లాంచీ వెళ్లిపోయింది.

అప్పుడు జంపయ్య తన తండ్రీ తాతా చేసిన పనే చేశాడు. డోలు కొట్టించాడు. మామూలుగా డోలు చావింటి ముందు మోగుతుంది. అతను దాన్ని గోదావరి ఒడ్డున నల్లబండ పైనున్న గట్టు మీదికి మోయించాడు. లాంచీ దాని ముందు నుంచే పోవాలి. వాళ్ల గూడేల్లో పెళ్లి డోలు వేరు, పండుగ డోలు వేరు, చావు డోలు వేరు. చావు డోలు చెవిన పడిందంటే నాగలి చాల్లోనే ఆగుతుంది. తునికాకు కట్ట సగం ముడితోనే కింద పడుతుంది. పోయింది ఎవరని ఎవరూ అడగరు. పోయి చూసి తెలుసుకుంటారు. పగవాడి ఇంట్లో అయినా సరే, విన్న మనిషి పోవాలి. మనిషిని నమ్మకపోయినా జంపయ్య డోలును నమ్మాడు. బిడ్డ వింటుంది, లాంచీ ఆపించి దిగుతుంది అనుకున్నాడు. శవాన్ని ఇంటి ముందు పెట్టుకుని అతను గట్టు మీద నిలబడ్డాడు.

లాంచీ వచ్చింది. పై అంతస్తులో కుర్రకారు డోలు దెబ్బకు చిందులేశారు. ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఈలలు వేసి చేతులు ఊపారు. ముందు భాగంలో మైకు పట్టుకుని నిలబడ్డ పిల్ల కూడా చెయ్యి ఊపింది. లాంచీ మలుపు తిరిగిపోయింది.

అది రెండు రోజుల ట్రిప్పు. జనంతో పాటు ఇసుక తిన్నె మీది వెదురు గుడిసెల్లో పడుకుని, మర్నాడు రేవులో దిగాక సంగతి తెలిసి, ఏడుస్తూ పరుగెత్తుకొచ్చేసరికి బూడిద చల్లారింది. జంపయ్య గుమ్మంలో నిలబడి, నిన్నెవరు పిలిచిండ్రు అని ఒక్క మాట అడిగాడు. ఆమె గుమ్మం బయటే ఆ పొద్దంతా కూర్చుని లేచిపోయింది.

ఇప్పుడు రాయి వేళ వచ్చింది. ఆ ఏడాది పోయినవాళ్లకు విత్తనాల పండుగకు ముందే ఊరవతల రాయి నిలబెడతారు. నిలబెట్టిన రాయి మీద మొదటి నీళ్లు కన్నబిడ్డ పోయాలి. ఆ నీళ్లతో పోయినవాళ్ల దప్పిక తీరుతుందని నమ్మకం. ముత్తక్కకు శ్రావణి తప్ప ఎవరూ లేరు. కులపెద్ద జంపయ్యను కూర్చోబెట్టి చెప్పాడు. "విననిదానికి తప్పు లేదురా. పోయి అడుగు. వినలే అంటే తోలుకరా. విన్న అంటే ఇగ నీ ఇష్టం."

అడగడానికి భద్రాచలం గది దాకా రెండుసార్లు పోయాడు. తాళం. పిల్ల నీళ్ల మీదే ఉంటోంది. పోనీ, లాంచీలోనే అడుగుదామనుకున్నాడు. ఇంకొక ఆలోచన కూడా ఉంది. నోరు అబద్ధమాడవచ్చు. ఇంజను మోతలో, పాటల పెట్టెల గోలలో డోలు అసలు వినబడుతుందా లేదా అన్నది ముందు తన చెవులతో తేల్చుకోవాలి. శవం లేకుండా చావు డోలు ఎవడూ కొట్టడు, కొట్టించినవాడి ఇల్లు నిలవదు. కానీ ఇవి పెళ్లిళ్ల రోజులు. గోదావరి పొడుగునా ఎక్కడో ఒకచోట పెళ్లి డోలు మోగకపోదు.

ఉప్మా పంచారు. పాటలు పెట్టారు. నేల చెక్కలు అదిరేటంత పాట. ఇంజను దాని పని అది చేస్తోంది. జంపయ్య కళ్లు మూసుకుని కూర్చున్నాడు. వెంకటరామారావు అతను నిద్రపోతున్నాడనుకుని గొంతు తగ్గించి, ఈ కోయవాళ్లకు పట్టింపులెక్కువ అని భార్యకు చెబుతున్నాడు.

అవతలి ఒడ్డు నుంచి వచ్చింది.

ఇంజను చప్పుడు చెవికి తగులుతుంది. డోలు రొమ్ముకు తగులుతుంది. పాటలోంచి, మోతలోంచి, మాటల్లోంచి దారి చేసుకుని వచ్చి తగిలింది. పెళ్లి డోలు. కొట్టేవాళ్లు ముగ్గురు. అందులో ఒకడు తాగి ఉన్నాడు, దెబ్బ వెనకబడుతోంది. అంత స్పష్టంగా వినబడింది. జంపయ్య కళ్లు తెరిచాడు. వినబడకూడదని ఇన్నాళ్లూ లోపల్లోపల కోరుకున్నాడని అప్పుడే తెలిసింది అతనికి. పైనుంచి కూతురి గొంతు మైకులో చెబుతోంది, అది పెళ్లి డోలు అండీ, అవతల గూడెంలో పెళ్లి జరుగుతోంది అని.

లేచి వెనక్కి పోయాడు. వెనకాల వంటమనిషి తాడు కట్టిన బకెట్‌తో గోదావరి నీళ్లు తోడి గిన్నెలు కడుగుతుంటాడు. అప్పుడతను పైన చాయ్ పోస్తున్నాడు. ఖాళీ గ్లాసులు తీసుకుని శ్రావణి కిందికి దిగింది. తండ్రిని చూసి గ్లాసులు కింద పెట్టింది. ఇద్దరూ తమ కోయ భాషలోనే మాట్లాడుకున్నారు.

"ఆ పొద్దు డోలు విన్నవా?"

ఇంజను పక్కనే ఉంది. వినలేదని చెప్పడం ఎంత సులువో ఇద్దరికీ తెలుసు. వినలేదంటే, ఇప్పుడు తన రొమ్ముకు తగిలిన దెబ్బను కూడా మరిచిపోయేవాడేమో జంపయ్య.

"విన్న," అంది శ్రావణి.

"ఏ డోలు?"

"చావు డోలు."

"తెలిసే చెయ్యి ఊపినవు."

ఆమె తల దించుకుని చెప్పింది. పైనున్న జనం అదేం డోలని అడిగారు. లాంచీలో చావు మాట ఎత్తకూడదని మేనేజరు ముందే గట్టిగా చెప్పి పెట్టాడు. కొండల్లోకి పోయే ముందు చావు అని వింటే జనం భయపడతారు, మధ్యలో దింపమని గోల చేస్తారు. అందుకని అది మనకు స్వాగతం అని చెప్పింది. వాళ్లు చేతులు ఊపారు. నువ్వూ ఊపు మేడమ్ అన్నారు. ఊపింది.

"పెద్ద తాత మంచంల ఉండె గదా. తాత పోయిండనుకున్న. అమ్మ అనుకుంటే దుంకకపోదునా, అయ్యా?"

"అమ్మ అనుకుంటే దుంకుదువు." జంపయ్య గొంతు పెంచలేదు. "తాత అనుకుంటే చెయ్యి ఊపుదువు. డోలు పేరు జెప్తదా? ఎవరిదని అడిగి పోయినమా మనం ఎన్నడన్న?"

ఆమె నోరు తెరిచింది. ఏదో చెప్పబోయి మానుకుంది. ఆ మానుకోవడం జంపయ్యకు తప్పు ఒప్పుకున్నట్టే కనిపించింది. వంగి బకెట్‌లో చెయ్యి పెట్టి దోసిట్లో నీళ్లు తీసుకున్నాడు. గోదావరి నీళ్లు దోసిట పట్టి అన్న మాటను వాళ్ల వైపు ఎవరూ వెనక్కి తీసుకోరు. వెనక్కి తీసుకున్నవాడి ఇంటి నీళ్లు ఎవరూ ముట్టరు.

"నీ తల్లి రాయి కాడికి నువ్వు రావద్దు. మా ఒడ్డు మీద కాలు పెట్టొద్దు."

నీళ్లు వదిలేశాడు. చెక్కల మధ్య నుంచి జారి, వచ్చిన చోటికే పోయాయి. శ్రావణి ఏడవలేదు. పైనుంచి ఎవరో, మేడమ్, మా పక్కకు చాయ్ రాలే అని కేకేశారు. ఆమె గ్లాసులు ఎత్తుకుని మెట్లెక్కింది.

బల్ల దగ్గరికి పోయి కూర్చోబుద్ధి కాలేదు జంపయ్యకు. వెంకటరామారావు మోకాళ్లు వినే ఓపిక లేదు. ముందు వైపు చుక్కాని గదికి పోయాడు. సరంగు గోపాలు గోదావరి ఒడ్డువాడే, ముఖపరిచయం ఉంది. బీడీ ఇచ్చాడు. ఇద్దరూ కాల్చారు. కొంతదూరం పోయాక పాట ఠక్కున ఆగింది. మైకు కూడా ఆగింది. ఇంజను చప్పుడొక్కటే మిగిలింది. పైన కుర్రాళ్లు కరెంటు పోయిందా అని అరిచారు.

జంపయ్య తలెత్తి చూశాడు. ఎడమ ఒడ్డున నల్లబండ. మారేడుగూడెం.

"ఈడ బంద్ పెడ్తది నీ బిడ్డ," అన్నాడు గోపాలు. "కార్తీకం సంది గంతే. పోంగ బంద్, రాంగ బంద్. జనం తిడ్తరు. ఓనరు తిడ్తడు. వింటదా?"

గోపాలు చుక్కాని కొంచెం తిప్పి మళ్లీ మాట అందుకున్నాడు.

"నీకు చెప్పిందో లేదో. ఆ దినం గీ గదిలకే ఉరికొచ్చింది. అన్నా, చావు డోలు, నేను పోవాలె, లాంచీ కట్టు అన్నది. ఎవరు పోయిండ్రు అన్న. ఎవరైతేంది, విన్న గదా, పోవాలె అన్నది. గోదారి అప్పుడు ఎట్లున్నది, నీకెరికే. బండ మునిగున్నది. ఇంతమందిని ఏసుకుని ఆడ ఎట్ల కట్టాలె నేను? పో, పోయి మైకు పట్టుకో అని తరిమిన. రెక్క పట్టి బయటికి నూకిన, అబద్ధమెందుకు."

"నాతోని అనలే," అన్నాడు జంపయ్య.

"ఎట్లంటది? నా మీద పెట్టి తాను తప్పించుకున్నట్టు ఉండదా?"

జంపయ్య ఒడ్డు వైపు చూశాడు. బండ పక్కన ఎవరో నిలబడ్డారు. మనిషి చిటికెన వేలంత ఉన్నాడు. తమ్ముడో, తమ్ముడి భార్యో, పక్కింటివాడో. పుట్టినప్పటి నుంచి చూసిన మనుషుల్లో అది ఎవరో లాంచీలో నుంచి అతనికి తెలియలేదు. ఆడో మగో కూడా తెలియలేదు. చిన్నప్పుడు ఈదిన నీళ్లు, కాపురం చేసిన ఇల్లు, భార్యను కాల్చిన చోటు, అన్నీ కలిపి అరచెయ్యి అడ్డం పెడితే మూసుకుపోయేంత ఉన్నాయి. మలుపు తిరగగానే పాట మళ్లీ మొదలైంది.

లాంచీలో ఉన్న కష్టం ఇదే. మధ్యలో దిగడానికి లేదు. తాను చేసిన పనితో పాటు సాయంత్రం దాకా అందులోనే కూర్చోవాలి. కొండలు రెండు పక్కలా దగ్గరికొచ్చాయి. జనం అబ్బా అన్నారు. గుడి దగ్గర ఆపారు, దండాలు పెట్టుకొచ్చారు. ఇసుక తిన్నె మీద దింపి అన్నాలు పెట్టారు. శ్రావణి విస్తరి తెచ్చి తండ్రి ముందు పెట్టి, ఇంకొకరికి పప్పు వడ్డించడానికి పోయింది. అన్నం మీద కోపం చూపే మనిషి కాడు జంపయ్య. తిన్నాడు. ఏం తిన్నాడో తెలియలేదు. చెప్పాల్సిన మాట ఏదైనా ఉందా అని వెతికాడు. తప్పు నాదే అనవచ్చు. అన్నా గోదావరి మాట గోదావరిలోనే ఉంటుంది. ఆమె అటు పోతున్నప్పుడు ఒకసారి, ఇటు వస్తున్నప్పుడు ఒకసారి, బిడ్డా అని పిలవబోయాడు. ఆ పిలుపు వెనక ఇవ్వడానికి ఏమీ లేదు. ఊరికే పిలిచి ఏం చేస్తాడు.

వెంకటరామారావు వచ్చి పక్కన కూలబడ్డాడు. గైడు అమ్మాయి చాలా బాగా చెబుతోందని, కన్నవాళ్లు అదృష్టవంతులని అన్నాడు. జంపయ్య అవ్ అన్నాడు.

తిరుగు దారిలో ఎండ పసుపుపచ్చగా నీళ్ల మీద పడింది. జనం అలిసిపోయి ఒకళ్ల మీద ఒకళ్లు ఒరిగి పడుకున్నారు. నల్లబండ కనబడే వేళకు పాట ఆగింది. ఆ తర్వాత ఇంజను కూడా మెల్లబడింది. శ్రావణి చుక్కాని గదిలో నుంచి బయటికి వచ్చి మైకు పట్టుకుంది.

"ఇక్కడ ఒకరు దిగాలండీ. ఎవరూ లేవొద్దు. ఒక్క నిమిషం కూర్చోండి."

జంపయ్య దింపమని ఎవరినీ అడగలేదు. కార్తీకంలో మునిగిన బండ ఇప్పుడు మనిషెత్తు పైకి తేలి ఉంది. నీళ్లు నెమ్మదిగా ఉన్నాయి. గోపాలు లాంచీని దాని పక్కకు, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు చేర్చాడు. శ్రావణి చెక్క వేసింది. అవతలి కొస బండ మీద కుదిరిందో లేదో ఒంగి చూసింది. ఇవతలి కొసను కాలితో తొక్కి పట్టింది. జంపయ్య జాకెట్ బల్ల మీద పెట్టి చెక్క మీద నడిచి బండ ఎక్కాడు. వెనక్కి తిరిగాడు.

ఆమె చెక్క కొస దగ్గరే ఉంది. కాలు చెక్క మీద ఉంది. ఒడ్డు మీద లేదు. ఇద్దరి మధ్య ఒక అంగ వెడల్పు గోదావరి ఉంది. ఊరి వైపు చూసింది. తల్లిని కాల్చిన చోటు అక్కడి నుంచి కనబడుతుంది. చూసినంతసేపు చూసింది.

"గోపాలు చెప్పిండు," అన్నాడు జంపయ్య.

"ఏం చెప్పినా ఏమున్నది, అయ్యా," అంది ఆమె. "నువ్వు నీళ్లు పట్టినవు గదా."

వెనకాల ఎవరో, రేవులో బస్సు పోతుందమ్మా అని విసుక్కున్నారు. ఆమె వంగి చెక్క లోపలికి లాక్కుంది. లాంచీ బండను వదిలి పక్కకు జరిగి నీళ్ల నడుమకు పోయింది. ఆమె ముందు భాగంలో ఎటూ చూడకుండా నిలబడింది. ఈసారి చెయ్యి ఎవరూ ఊపలేదు.

లాంచీ ఆగిన చప్పుడుకు కులపెద్ద కర్ర పట్టుకుని ఒడ్డుకు దిగి వచ్చాడు. జంపయ్య పక్కన నిలబడి, లాంచీ కనుమరుగయ్యేదాకా ఆగాడు.

"విన్నదంటనా?"

"విన్నది. రాబోయింది. వాళ్లు రానియ్యలే."

"మరి తోలుకరాకపోతివి?"

"గోదారి నీళ్లు పట్టిన. రావద్దన్న."

"ఎప్పుడు? తెలిసినంకనా, తెలవకముందా?"

"ముందు."

ఏమన్నా దారి చెబుతాడేమోనని జంపయ్య పెద్ద మొహం చూశాడు. ముసలాయన కర్ర ఊతంగా గట్టు వైపు తిరిగాడు.

"రాయి మీద నీళ్లు ఎవరు పోస్తరు మరి?"

"నేనే పోస్త."

"మొగడు పోస్తే దప్పిక తీరదు రా."

"ఎరికే," అన్నాడు జంపయ్య.